చెరువు నిండా నీళ్ళున్నా కప్పలు అరవడం లేదు, ఎందుకు?

బడిగంట_ధర్మవరం
ధర్మవరం దగ్గర ఒక పల్లెలో సైన్సు టీచరును. మా ఊరి చెరువు వానలు బాగా పడితే దసరాకు నిండి, ఉగాది నాటికి అడుగంటేది. కొన్నేళ్ళు అసలు నిండేదే కాదు. ఇప్పుడు శ్రీశైలం నుంచి వచ్చే హంద్రీ-నీవా కాలువ నీళ్ళు వదులుతున్నారు కాబట్టి ఎండాకాలంలో కూడా నీళ్ళుంటున్నాయి. ఊరంతా సంతోషంగా ఉంది, నేనూ అంతే. కానీ తొలి పెద్ద వాన పడిన రాత్రి ఇంతకుముందు కప్పల అరుపులకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు చెరువు వైపు చప్పుడే లేదు. నీళ్ళు పచ్చగా చిక్కబడ్డాయి, మోకాటి లోతులో కూడా అడుగు కనబడదు. తూనీగలు తగ్గాయి, నత్తలు పెరిగాయి. "నీళ్ళు ఎక్కువైతే నీటి ప్రాణులు కూడా ఎక్కువ కావాలి కదా టీచర్?" అని పిల్లలు అడుగుతున్నారు. పాఠ్యపుస్తకంలో దీనికి జవాబు లేదు. తొమ్మిదో తరగతి పిల్లలతో ప్రాజెక్టుగా చేయించాలని ఉంది. ఏం చూడాలి, ఎలా లెక్కపెట్టాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎర్రనేల_రైతు
టీచరమ్మా, కోపం తెచ్చుకోకండి. మా నాయన వెయ్యి అడుగుల బోరు వేసి అప్పుల పాలైనాడు. వేరుశనగ వాన కోసం చూసి చూసి ఎండిపోయేది. కాలువ నీళ్ళు చెరువుకు వచ్చినాకనే చుట్టూ బోర్లలోకి ఊట వచ్చింది. ఫ్లోరైడు నీళ్ళు తాగి మా పెద్దమ్మ మోకాళ్ళు వంగిపోయినాయి, ఆ బాధ కూడా ఇప్పుడు కొంచెం తగ్గింది. రేపు ఎవరో చదువుకున్నాయన వచ్చి కప్పల కోసం కాలువ ఆపమంటే ఊళ్ళో ఎవరూ ఊరుకోరు.

బురుజు_నీడ
కప్పలు కూడా మన పిల్లోళ్ళ మాదిరి బెంగుళూరుకు వలస పోయినాయేమో!

బడిగంట_ధర్మవరం
@ఎర్రనేల_రైతు కాలువ ఆపమని నేను అనలేదన్నా, అనను కూడా. మా ఇంట్లోనూ అవే నీళ్ళు తాగుతున్నాం. ఏం మారిందో తెలుసుకోవాలని మాత్రమే అడిగాను.

తూనీగ_కళ్ళు
కర్నూలులో చెరువుల మీద పరిశోధన చేస్తున్నాను. మీ పిల్లలు మంచి ప్రశ్న అడిగారు.

చెరువులో ఏ ప్రాణులు ఉంటాయో తేల్చేది నీళ్ళెన్ని ఉన్నాయన్నది ఒక్కటే కాదు. ఏడాదిలో ఎన్ని నెలలు నీళ్ళుంటాయి, మధ్యలో ఎండుతుందా లేదా అన్నది అంతకన్నా ముఖ్యం. వెల్‌బోర్న్, స్కెల్లీ, వెర్నర్ అనే ముగ్గురు పరిశోధకులు 1996లో దీన్ని చక్కగా వివరించారు. నెల రోజుల్లో ఎండిపోయే గుంటలో పెద్ద వేటగాళ్ళు ఉండలేరు, కాబట్టి తొందరగా పెరిగే ప్రాణులు బతుకుతాయి. నాలుగైదు నెలలు నిలిచే కుంటలో తూనీగ పిల్లలు, నీటి పురుగులు వేటగాళ్ళవుతాయి. ఎప్పుడూ ఎండని చెరువులో చేపలదే రాజ్యం. ఈ మూడు చోట్లా వేర్వేరు సమాజాలు ఉంటాయి. ఒక చోట బతికేది ఇంకోచోట బతకదు.

మన సీమలో కప్పలు ఎక్కువగా మొదటి, రెండో రకం నీళ్ళకు అలవాటు పడ్డాయి. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరులో. ఎండాకాలమంతా మట్టిలో దాక్కుని తొలి వానకు బయటకు వచ్చి, కొత్తగా నిండిన నీళ్ళలో గుడ్లు పెడతాయి. అక్కడ చేపలు ఉండకపోవడమే వాటి ధైర్యం. ఏడాది పొడవునా నీళ్ళుండి, అందులో చేపలు కూడా ఉంటే పెట్టిన గుడ్లు, తోకకప్పలు మిగలవు. మీ చెరువులో చేప పిల్లలు వదులుతున్నారా?

విసురువల
వదులుతున్నాం. నేను చేపలు పట్టే ఇంట్లో పుట్టినోణ్ణే, మా ఊళ్ళో సంఘం తరఫున చెరువు వేలం పాడతాం. బొచ్చె, రోహు, మృగాల, బంగారు తీగ పిల్లలు తెచ్చి వేస్తాం. ఒకప్పుడు చెరువు అడుగంటే ముందు ఊరంతా బురదలో దిగి పట్టేవాళ్ళు. కొరమీను, జెల్ల, పరక, బొమ్మిడాయి, ఇంగిలాయి దొరికేవి. కొరమీనును ఎవరూ వదలరు, బురదలోనే ఎట్లనో బతికి ఉంటది. ఇప్పుడు పరకలు కంటికి కనబడవు. జిలేబి (తిలాపియా చేప) మాత్రం వద్దన్నా వలలో పడుతుంది.

తూనీగ_కళ్ళు
@విసురువల మీరు ఇచ్చిన ఈ జాబితా ఒక పరిశోధనా పత్రానికి సరిపోతుందన్నా. చేపల్లో ఏది ఏం తింటుందో చూడండి. బొచ్చె పైనీళ్ళలో తేలే చిన్న చిన్న ప్రాణుల్ని వడకట్టి తింటుంది. మృగాల, బంగారు తీగ అడుగున మేస్తాయి, బంగారు తీగ మేతకోసం బురదను తవ్వి పోస్తుంది. టీచర్ గారి చెరువు పచ్చబడటానికి ఇదొక కారణం కావచ్చు. పచ్చదనం నాచు వల్ల వస్తుంది. ఆ నాచును తినేవి నీటి ఈగలు, అంటే డాఫ్నియా లాంటి చిన్న చిన్న ప్రాణులు. వాటిని చేపలు తినేస్తే నాచుకు అడ్డు ఉండదు. 1965లో బ్రూక్స్, డాడ్సన్ అమెరికాలోని కనెక్టికట్ సరస్సుల్లో ఇదే చూపించారు. నీళ్ళలోని ఈ చిన్న ప్రాణుల్ని మేసే చేప కొత్తగా వచ్చాక పెద్దసైజు డాఫ్నియాలు మాయమై చిన్నవి మాత్రమే మిగిలాయి.

లోతు తక్కువ చెరువు రెండు స్థితుల్లో ఏదో ఒకదానిలో నిలబడుతుందని డచ్ శాస్త్రవేత్త మార్టెన్ షెఫర్ 1990ల్లో వివరించాడు. ఒకటి, అడుగున మొక్కలు పెరిగి నీళ్ళు తేటగా ఉండటం. రెండోది, నాచు కమ్మి నీళ్ళు చిక్కగా మారడం. ఒకసారి రెండో స్థితిలోకి పోయాక కొంచెం ఎరువు తగ్గించినంత మాత్రాన వెనక్కి రాదు. వెలుతురు అందక అడుగు మొక్కలు మొలవవు, మొక్కలు లేక బురద లేస్తూనే ఉంటుంది. పూర్తిగా ఎండితే మాత్రం చేపలు పోతాయి, బురద గట్టిపడుతుంది, మళ్ళీ నిండినప్పుడు తేట నీళ్ళతో మొదలయ్యే అవకాశం ఉంటుంది. మన చెరువులకు ఆ మందు వానే, ఎండే ఇస్తూ వచ్చాయి.

ఎర్రనేల_రైతు
ఇది నాకు అర్థమైంది. పొలాన్ని ఒక కారు బీడు పెడితే నేలకు సత్తువ వచ్చినట్టే కదా. కానీ పొలం బీడు పెట్టినా ఇంట్లో తిండి గింజలు ఉండాలి. ఒక్క చెరువుంటే బీడు పెట్టడానికి కుదరదు.

తూనీగ_కళ్ళు
అవునన్నా, పోలిక సరిగ్గా ఉంది. చిక్కు కూడా సరిగ్గా అదే.

మిరప_చేను
మందుల మాట ఎవరూ ఎత్తరేం? మా వైపు మిరపకు వారానికోసారి కొడతాం. వాన పడితే అదంతా వంకలోకి, వంక చెరువులోకి. కప్పలు చచ్చేది చేపలకు కాదు, మందులకు.

పురుగు_పట్టిన_ఆకు
నాకు ఎరువుల షాపు ఉంది. ప్రతిదానికీ మందుల మీద తోసేస్తే ఎట్లా? మా దగ్గర కొనే రైతులు లేబుల్ మీద రాసిన మోతాదే కొడతారు, లీటరుకు పది రెట్లు కొట్టరు.

తూనీగ_కళ్ళు
ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. 2008లో రెలియా, డీక్స్ అనే పరిశోధకులు తొట్టెల్లో కప్ప పిల్లల్ని పెంచుతూ మలాథియాన్ అనే పురుగుమందును చాలా కొద్ది మోతాదులో, మళ్ళీ మళ్ళీ వేశారు. తోకకప్పలను అది నేరుగా చంపలేదు. నాచును తినే చిన్న ప్రాణులు పోయాయి, దాంతో నాచు పెరిగి నీళ్ళు పచ్చబడ్డాయి. వెలుతురు అందక అడుగున, గోడలకు అంటుకుని పెరిగే మేత తగ్గింది. మెల్లగా పెరిగే జాతి కప్ప పిల్లలు సన్నగా, ఆలస్యంగా పెరిగాయి, వాటిలో చాలా తొట్టె ఎండేలోపు కప్పలు కాలేకపోయాయి. మోతాదు తక్కువ కాబట్టి హాని లేదని అనలేం. అట్లాగని మందు ఒక్కటే కారణమని టీచర్ గారి చెరువు గురించి ఇక్కడ కూర్చుని తేల్చలేం. నీళ్ళు పచ్చబడటం అనే గుర్తు రెండు కారణాలకూ ఉమ్మడి. అందుకే పోల్చి చూడాలి.

చింతచెట్టు_కొంగ
చిలమత్తూరు వైపు వాణ్ణి, మా పక్కనే వీరాపురం. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఏటా జనవరి, ఫిబ్రవరిలో ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టు చూసుకుంటారు ఊరివాళ్ళు. పేపర్లు ప్రతి ఏడూ సైబీరియా కొంగలు అని రాస్తాయి, సైబీరియాకు వీటికి ఏ సంబంధమూ లేదు. ఇవి మన దేశపు పక్షులే, మేత దొరికే చోటుకు తిరుగుతుంటాయి.

చర్చకు సంబంధం ఏమిటంటే, ఈ కొంగ కంటితో చూసి పట్టదు. ముక్కు సగం తెరిచి నీళ్ళలో పెట్టి అటూ ఇటూ ఆడిస్తుంది, చేప తగలగానే మూస్తుంది. కాబట్టి దానికి లోతు తక్కువ నీళ్ళు కావాలి, చేపలు ఒకచోట చేరి ఉండాలి. చెరువు మెల్లగా ఇంకుతూ అంచులు బయటపడే కాలంలోనే పిల్లలకు మేత బాగా దొరుకుతుంది. చెరువు ఎప్పుడూ మరువ (ఎక్కువైన నీళ్ళు పొర్లే చోటు) దాకా నిండి ఉంటే దానికి కాలు మోపే చోటు ఉండదు. అట్లాగని కరువు ఏడాది చెరువులన్నీ నెర్రెలిస్తే పిల్లలు ఆకలితో గూళ్ళలో నుంచి పడిపోతాయి. రెండూ చూశాం. కాబట్టి నేను రైతన్న పక్షమూ కాదు, టీచరమ్మ పక్షమూ కాదు.

ఎర్రనేల_రైతు
కొంగల పక్షం. సరే.

కడప_గడప
పోరుమామిళ్ళ చెరువు శాసనం గుర్తొచ్చింది. 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువు, కడప జిల్లాలో ఇప్పటికీ ఉంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు ఆ రాతి మీద చెక్కించాడు. గట్టి నేల ఉండాలి, తీపి నీళ్ళ ఏరు దగ్గరుండాలి, కట్ట మరీ పొడవుగా ఉండకూడదు, పని తెలిసిన మనుషులు ఉండాలి, ఇట్లా సాగుతుంది. దోషాల్లో రెండు చూడండి. నీళ్ళు తక్కువై తడిపే భూమి ఎక్కువ కావడం ఒకటి, నీళ్ళు ఎక్కువై భూమి తక్కువ కావడం ఇంకొకటి. నీళ్ళు ఎక్కువ కావడాన్ని కూడా దోషమని రాశారు. కప్పల్ని దృష్టిలో పెట్టుకుని రాయలేదు, ఆ సంగతి తెలుసు. కానీ కొలత చూసి నీళ్ళు నిలపాలన్న ఆలోచన ఈ నేలకు కొత్త కాదు.

నీరుగంటి_మనవడు
మా తాత నీరుగంటి. తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ఎంత అన్నది ఆయన చేతిలో ఉండేది. మా ఊళ్ళో పెద్ద చెరువు ఒకటే కాదు, దాని పైన నాలుగైదు కుంటలు ఉండేవి. వాన నీళ్ళు ముందు కుంటల్లో నిలిచి, అవి మరువ పారితే చెరువుకు వచ్చేవి. చెరువు నిండకపోయినా కుంటల్లో రెండు మూడు నెలలు నీళ్ళుండేవి. టీచర్ గారూ, మీ ఊళ్ళో చెరువు ఒక్కటే చూడకండి. దాని పైన ఉన్న కుంటలు ఏమయ్యాయో చూడండి. మా ఊళ్ళో రెండు కుంటలు ప్లాట్లయ్యాయి, ఒకటి సర్కారు తుమ్మతో కమ్ముకుపోయింది. ఇంకోదాన్ని జేసీబీతో నిటారుగా లోతు తవ్వారు. అంతకుముందు పశువులు దిగి తాగేవి, ఇప్పుడు మేక కూడా దిగలేదు.

తూనీగ_కళ్ళు
@నీరుగంటి_మనవడు ఇది చాలా ముఖ్యమైన మాట. వాలుగా ఉండే అంచే చెరువుకు జీవం. చీలమండ లోతు నీళ్ళు తొందరగా వేడెక్కుతాయి, గడ్డి మొలుస్తుంది, తోకకప్పలు అక్కడే పెరుగుతాయి. నిటారుగా తవ్వితే నీళ్ళు ఎక్కువ నిలుస్తాయి కానీ అంచు పోతుంది. పొలాల్లో తవ్వుకునే పంట కుంటలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఒక్క వైపైనా ర్యాంపులాగా వాలు ఇస్తే పడిన కప్పలు, తాబేళ్ళు ఎక్కి బయటికి రాగలవు. దానికి ఎకరాలేమీ పోవు.

బురుజు_నీడ
ఇందాక నవ్వులాటకు అన్నాను గానీ ఇప్పుడు సీరియస్‌గానే ఒకటి అడుగుతా. ఎండిపోయే గుంటలో కప్పలు తప్ప ఏముంటాయి? మా చిన్నప్పుడు కొండారెడ్డి బురుజు దగ్గర వాన గుంటల్లో దోమలు తప్ప ఏమీ చూడలేదు.

తూనీగ_కళ్ళు
దోమలు కనబడ్డాయంటే వాటిని తినేవి కూడా ఉండే ఉంటాయన్నా. తెల్ల ట్రేలో కొంచెం నీళ్ళు పోసి చూస్తే తెలుస్తుంది. ఎర్రనేల గుంటల్లో వాన పడిన వారం, రెండు వారాల్లో ఫెయిరీ ష్రింప్ అనే చిన్న రొయ్య లాంటివి వెల్లకిలా ఈదుతూ కనబడతాయి. ట్రయాప్స్ కూడా వస్తాయి, నెత్తిమీద మూడు కళ్ళు, గుర్రపు డెక్క ఆకారపు పెంకు. ఇవి పెట్టే గుడ్లు ఎండిన మట్టిలో ఏళ్ళ తరబడి చావకుండా ఉంటాయి, వాన పడితే పొదుగుతాయి. అన్నీ ఒకేసారి పొదగవు. మొదటి వానకు మోసపోయి గుంట ఎండిపోయినా, మిగిలిన గుడ్లు తర్వాతి వానకు ఉంటాయి. కరువు నేలలో బతకడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. ఈ రెండింటినీ చేపలున్న నీళ్ళలో వెతికినా దొరకవు.

తూనీగల సంగతి కూడా ఉంది. వానాకాలం చివర పొలాల మీద గుంపులుగా ఎగిరే పసుపు తూనీగ, పాంటాలా ఫ్లావెసెన్స్. దాని పిల్ల వాన గుంటలో నెలన్నర, రెండు నెలల్లో పెరిగి ఎగిరిపోతుంది. మాల్దీవుల్లో పనిచేసిన చార్లెస్ ఆండర్సన్ 2009లో రాసిన పత్రంలో, ఇవి భారతదేశం నుంచి హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వరకు పోతున్నాయని వివరించాడు. సముద్రం దాటే ప్రాణికి మన ఊరి పక్క గుంట పుట్టిల్లు!

బురుజు_నీడ
సముద్రం దాటడమా! మా గుంటలో పుట్టిన తూనీగకు పాస్‌పోర్టు కూడా అక్కర్లేదన్నమాట. ఈ వానాకాలం నేనూ ట్రే కొంటా.

విసురువల
గుంటల్లో దోమల కోసం గంబూజియా చేపలు వదిలిపోతారు మా వైపు. అది కూడా చేపే కదా, పరవాలేదా?

తూనీగ_కళ్ళు
పరవా ఉంది. గంబూజియాను దోమల కోసం మన దేశానికి 1928లో తెచ్చారు. దోమ పిల్లల్ని తింటుంది, కప్ప గుడ్లను, తోకకప్పలను, తూనీగ పిల్లల్ని కూడా వదలదు. వాడుకలో లేని బావులు, సిమెంటు తొట్లు వేరే మాట. వాన గుంటలో మాత్రం దోమ పిల్లల్ని తినే తూనీగ పిల్లలు, నీటి నల్లులు ముందే ఉంటాయి. అక్కడ బయటి చేప వేస్తే మంచి కాపలాదారుల్ని మనమే తీసేసినట్టు.

జిలేబి కూడా బయటిదే. 1952లో మన దేశానికి వచ్చింది. తల్లి చేప పిల్లల్ని నోట్లో పెట్టుకుని కాపాడుతుంది, నిలవ నీళ్ళలోనే పిల్లల్ని పెంచుతుంది కాబట్టి ఒక్కసారి చేరితే పోదు. బొచ్చె, రోహు, మృగాల అట్లా కాదు, అవి పారే నీళ్ళలోనే గుడ్లు పెడతాయి. చెరువులో పెంచాలంటే ప్రతిసారీ పిల్లలు తెచ్చి వేయాల్సిందే. 1957లో హీరాలాల్ చౌధురి హార్మోను సూదితో వాటిని గుడ్లు పెట్టించడం సాధించాక హాచరీలు వచ్చాయి. అంటే చెరువులో ఏ చేప ఉండాలన్నది చాలావరకు మన చేతుల్లో ఉంది. జిలేబి విషయంలో ఆ అవకాశం మన చేయి దాటిపోయింది.

కాలువతో ఇంకో సంగతి ఉంది. శ్రీశైలం నీళ్ళు కృష్ణావి, మన చెరువులు పెన్నా పరీవాహకానివి. నీళ్ళతో పాటు కృష్ణ చేపలు, గుడ్లు, నత్తలు కూడా ఇటు వస్తాయి. దీన్ని ఎవరైనా కాలువ పొడవునా చూసి నమోదు చేయాలి.

బురుజు_నీడ
ఇక్కడ మాత్రం ఒప్పుకోను తమ్ముడూ. కర్నూలు-కడప కాలువ 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. సుంకేసుల దగ్గర, కృష్ణలో కలిసే తుంగభద్రలో మొదలై కడప దాకా పోతుంది. అంటే కృష్ణా నీళ్ళు పెన్నా వైపు పోవడం నూట యాభై ఏళ్ళ నాటి మాట. హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాము 1953 ప్రాంతంలో నిండినాక ఎగువ కాలువ నీళ్ళు అనంతపురం వచ్చాయి. కలవాల్సినవి ఎప్పుడో కలిశాయి. హంద్రీ-నీవా మీద కొత్తగా వేలు పెట్టడం న్యాయం కాదు.

తూనీగ_కళ్ళు
చరిత్ర మీరు చెప్పినట్టే ఉంది, ఒప్పుకుంటాను. పెద్ద నదిలో కలిసిన చేప వేరు, కొండ కింద విడిగా ఉన్న చెరువుకు నేరుగా కాలువ కలపడం వేరు. కర్నూలు-కడప కాలువ కుందూ లోయ వెంట పోయింది. ధర్మవరం పక్కన వాన తప్ప ఇంకే నీళ్ళూ ఎరగని చెరువులు ఇప్పుడు మొదటిసారి కాలువకు కలుస్తున్నాయి. వాటి పాత స్థితి ఎక్కడా రాసి లేదు. నాకు దిగులు అదే.

బురుజు_నీడ
అది సరే. రాయడం మాత్రం జరగాల్సిందే.

బెలూం_బిలం
కొంచెం పక్కకు పోతున్నాను. చెరువుల కిందా ప్రాణులున్నాయి. ఆంధ్ర సున్నపురాయి గుహల నీళ్ళలో బతికే ఒక కొత్త ఐసోపోడ్ (రొయ్యల చుట్టమైన చిన్న ప్రాణి) గురించి 2011లో పరిశోధకులు ప్రకటించారు. దాని చుట్టాలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల్లో ఉన్నాయి. ఈ భూభాగాలన్నీ ఒకప్పుడు గోండ్వానా ఖండంలో కలిసి ఉండేవి. మన బావుల్లో, బోర్లలో ఇంకేమున్నాయో చూసినవాళ్ళు తక్కువ. బడి పిల్లలు పాడుబడ్డ బావి నీళ్ళను వడకట్టి చూసినా ఏదో ఒకటి దొరకొచ్చు.

అడ్మిన్_పెన్న
పిల్లల్ని పాడుబడ్డ బావుల దగ్గరికి పంపే సలహా వద్దు. పెద్దవాళ్ళు తాడుతో తోడి తెచ్చి ఇవ్వాలి. చెరువులో కూడా మోకాటి లోతు దాటకూడదు, పూడిక తీసిన గుంతలు పైకి కనబడవు.

బడిగంట_ధర్మవరం
అందరికీ ధన్యవాదాలు, ఇన్ని విషయాలు వస్తాయని అనుకోలేదు. మా చెరువు పైన రెండు కుంటలు ఉన్నాయి. ఒకదానికి కాలువ నీళ్ళు రావు, ఇంకోదానికి చెరువు నిండితే నీళ్ళు వెనక్కి తన్ని చేరతాయి. పక్క ఊరి చెరువుకు కాలువ లేదు. వీటిని పోలిస్తే సరిపోతుందా? కొలతలకు మా బడిలో పరికరాలు లేవు.

తూనీగ_కళ్ళు
చాలా బాగా దొరికాయి. కాలువ ఉన్నవి, లేనివి, చేపలు ఉన్నవి, లేనివి, నాలుగు రకాలూ కలిసేట్టు మరికొన్ని పక్క ఊళ్ళలో చేర్చుకోండి. ఒక్కో రకానికి ఒక్క కుంటే ఉంటే తేడా కాలువ వల్లనో, ఆ కుంట స్వభావం వల్లనో చెప్పలేం. మందులు కొట్టే పొలాల నీళ్ళు చేరేవి, కొండ వంక నీళ్ళు మాత్రమే చేరేవి ఏవో కూడా రాసుకుంటే @మిరప_చేను ప్రశ్నకు కొంత జవాబు వస్తుంది.

ఒక్క నియమం మాత్రం తప్పకండి. ప్రతి చోటా ఒకే ప్రయత్నం చేయాలి. వల ఎక్కువసార్లు ముంచితే ఎక్కువ జాతులు దొరుకుతాయి, కాబట్టి ఒక చోట ఉత్సాహంగా, ఇంకో చోట అలసిపోయి ముంచితే లెక్కకు అర్థం లేదు. దోమతెర గుడ్డతో కుట్టిన చేతి వల చాలు. అంచున గడ్డిలో, మట్టి మీద, గడ్డి లేని నీళ్ళలో, మూడు రకాల చోట్లా సమానంగా ముంచాలి. ట్రేలో పోసి, ఫోటో తీసి, తిరిగి వదలాలి. పేర్లు తెలియకపోయినా పరవాలేదు, ఆకారాన్ని బట్టి గుంపులు చేయండి.

నీళ్ళ తేటతనానికి సెక్కి పళ్ళెం చేసుకోండి. అడ్డం 20 సెంటీమీటర్ల పాత స్టీలు పళ్ళానికి నాలుగు భాగాలుగా నలుపు, తెలుపు రంగు వేసి తాడు కట్టి దించాలి, కనబడకుండా పోయిన లోతు రాయాలి. ఆంజెలో సెక్కి 1865లో మధ్యధరా సముద్రంలో వాడిన పద్ధతి, ఈ రోజుకీ శాస్త్రవేత్తలు దీన్నే వాడుతున్నారు. కరిగిన ఆక్సిజన్ కొలవడానికి వింక్లర్ పద్ధతి ఉంది, యాసిడ్ పని కాబట్టి మీరే ల్యాబులో చేయండి. తెల్లవారకముందు, మధ్యాహ్నం రెండు సార్లు నీళ్ళు పట్టాలి. పచ్చబడిన చెరువులో పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా తనే పీల్చేస్తుంది. చేపలు తెల్లవారుజామున తేలిపోయేది అందుకే, ఎవరో విషం కలిపారని ప్రతిసారీ అనుకోనక్కర్లేదు.

కప్పల కోసం చీకటి పడ్డాక ఫోనులో ప్రతి కుంట దగ్గరా సమానమైన సేపు రికార్డు చేయండి. అన్ని కుంటల దగ్గరా ఒకే రాత్రి చేయాలి. వాన లేని రాత్రి అరుపు వినబడలేదని కప్పలు లేవని రాయకూడదు.

విసురువల
చెరువులో తెల్లారేసరికి చేపలు తేలితే పక్కూరోళ్ళ మీద గొడవకు పోయిన సంగతి మా దగ్గర ఉంది. ఈ మాట అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

కడప_గడప
@తూనీగ_కళ్ళు ఒక సందేహం. కాలువ వచ్చిన చెరువులో జాతుల సంఖ్య పెరిగిందనుకుందాం. కొత్త చేపలు, కొత్త నత్తలు, నీటికాకులు వచ్చాయి. అప్పుడు పిల్లలు లెక్కవేస్తే కాలువ వల్ల జీవవైవిధ్యం పెరిగినట్టు వస్తుంది కదా? మీ వాదన తప్పినట్టేనా?

తూనీగ_కళ్ళు
ఇదే ఇందులో అసలు విషయం. ఒక్క చెరువులో సంఖ్య పెరగొచ్చు. రాబర్ట్ విటేకర్ అనే శాస్త్రవేత్త 1960లోనే దీన్ని విడదీసి చూడమన్నాడు. ఒక చోట ఎన్ని జాతులున్నాయన్నది ఒకటి, చోటుకూ చోటుకూ మధ్య తేడా ఎంత అన్నది వేరొకటి. ప్రతి చెరువులోనూ ఇరవై రకాలు ఉండి, అన్నింట్లోనూ అవే ఇరవై అయితే తాలూకా మొత్తంలో ఇరవయ్యే. ఒక్కో చోట పదే ఉన్నా వేర్వేరు పది అయితే మొత్తం ఎక్కువ. మన సీమలో కొన్ని చెరువులు నిండి, కొన్ని సగం నిండి, కొన్ని గుంటలు నెలకే ఎండి, ఇట్లా తేడాగా ఉండటం వల్లే ఇన్ని రకాలు మిగిలాయి. అన్నింటినీ ఏడాదంతా నింపి, అన్నింట్లో ఆ నాలుగు చేపలే వేస్తే ఆ తేడా పోతుంది. అందుకే కాలువ ఆపమనడం లేదు. పెద్ద చెరువు రైతుకు, చేపలకు ఇవ్వండి. కాలువ చేరని చిన్న కుంటల్ని నింపకుండా, చేప వేయకుండా, జేసీబీతో తవ్వకుండా వదిలేయండి. రైతుకు పోయేది ఏమీ లేదు, మిగిలేది చాలా ఉంది.

ఎర్రనేల_రైతు
ఇదే మాట మొదట్లోనే చెప్పుంటే నేను అంత ఎగిరేవాణ్ణి కాదు. కుంటల్ని కబ్జా నుంచి కాపాడాలంటే నేనూ వస్తా. మా కుంటలో తుమ్మ కొట్టేయడం మంచిదేనా, అది చెప్పండి.

నీరుగంటి_మనవడు
కొట్టేయొచ్చన్నా, కానీ వేరుతో తీయకపోతే ఏడాదికే రెండింతలు వస్తుంది. మా ఊళ్ళో అట్లానే అయింది. మొదట కొట్టి, వేరు కూడా తవ్వి తీయాలి.

పురుగు_పట్టిన_ఆకు
కుంట చుట్టూ పది అడుగులు మందు కొట్టకుండా వదలమని మా షాపుకు వచ్చే రైతులకు చెబుతాను. వినేవాళ్ళు వింటారు.

మిరప_చేను
ఆ మాట మీ నోట రావడం సంతోషం.

చింతచెట్టు_కొంగ
టీచర్ గారూ, తాబేలు వలలో పడితే ఫోటో కోసం కూడా ఎక్కువసేపు బయట ఉంచకండి. చట్టం ప్రకారం రక్షిత ప్రాణి. కప్పల్ని సీసాల్లో పెట్టడం కూడా వద్దు. పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, 2002 చట్టం ప్రకారం వాళ్ళు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ పిల్లల లెక్కలు అందులో చేరిస్తే ఆ కుంటకు కాగితం మీద ఒక ఉనికి ఉంటుంది. రేపు ఎవరైనా ప్లాట్లు వేయబోతే చూపించడానికి ఒక ఆధారం.

బడిగంట_ధర్మవరం
సర్పంచిని కలిశాను. రిజిస్టరు ఉంది, చెరువు పేరు తప్ప కుంటల పేర్లు అందులో లేవు. చేర్చడానికి ఒప్పుకున్నారు. కాలువ రాని కుంటలో చేపలు ఉన్నాయో లేవో తెలియాలి, మా చేతి వలకు పడవు.

విసురువల
మీరుండేది మా పక్క మండలమే. సన్నకన్ను వల తీసుకుని నేనే వస్తా. ఆదివారం వద్దు, ఆ రోజు సంతలో చేపలు అమ్ముకోవాలి. శనివారం పొద్దున రండి, పిల్లల్ని గట్టు మీదే ఉంచండి. జిలేబి ఒక్కటి పడినా ఆ కుంటను చేపలున్న వాటిలో రాసుకోండి.

తూనీగ_కళ్ళు
@బడిగంట_ధర్మవరం వల వేసే ముందే తేటతనం కొలిచి, నీళ్ళు సీసాలో పట్టి పెట్టుకోండి. వల పడితే బురద లేస్తుంది, ఆ తర్వాత కొలిస్తే పనికిరాదు.